హిదాయాలో వసీ: నమ్మకం, సాక్ష్యం

ఇమామ్ మర్‌గీనానీ (మరణం క్రీ.శ. 1197) రచించిన ‘హిదాయా’లో వసీని గురించిన ప్రకరణం చిన్నదే. అయినా మృతుని ఆస్తి చేతులు మారే ఘట్టాన్ని అది నిశితంగా పరిశీలించింది.

వారసులు దగ్గర లేనప్పుడు వసీ వారి పక్షాన నిలిచి, వసీయత్ పొందినవానికి అతని భాగం పంచి ఇవ్వవచ్చును. కాని వసీయత్ పొందినవాడు లేనప్పుడు, అతని పక్షాన వారసులతో పంపకం జరిపే అధికారం వసీకి లేదు. వారసుడు మృతుని స్థానంలో వచ్చినవాడు. వసీ మృతుని ప్రతినిధి. వసీయత్ పొందినవానికి మాత్రం వసీ ప్రతినిధి కాడు. కనుక మూడో వంతు వసీయత్‌గా ఉన్నచోట, అతని కోసమని వసీ తీసి ఉంచిన సొమ్ము నశిస్తే, వారసుల వద్ద మిగిలినదానిలో మూడో వంతు అతనికి చెందుతుంది. ఎదుట లేనివాని హక్కుకు ఇది గట్టి కాపుదల.

ఇంత జాగ్రత్త చూపిన హనఫీ సంప్రదాయం, అనాథలకు ఆస్తి అప్పగించే చోట మెత్తబడింది. పరీక్షించి, పరిణతి కనిపించినప్పుడు ఆస్తి అప్పగించమనీ, అప్పుడు సాక్షులను పెట్టుకోమనీ సూరా నిసా 6వ ఆయత్ ఆదేశం. వసీ అమానత్‌దారు గనుక సాక్షులు లేకున్నా అతని మాట నమ్మదగినదేనని జస్సాస్ (మరణం క్రీ.శ. 981) హనఫీ పక్షాన వాదించారు. షాఫిఈలు అంగీకరించలేదు. ఆ వసీని నమ్మి నియమించినది తండ్రి, అనాథ కాదు. ఈ ఆక్షేపణకు బరువుంది.

ఛార్లెస్ హామిల్టన్ 1791లో పారసీ ద్వారా చేసిన ఇంగ్లీషు అనువాదం వసీని ‘ఎగ్జిక్యూటర్’ అన్నది. ఆ మాట వింటే అప్పులు తీర్చి, ఆస్తి పంచి తప్పుకొనేవాడు తోస్తాడు. వసీ పని అక్కడితో ముగియదు. మైనర్ల భాగాన్ని ఏళ్ల తరబడి కాపాడవలసినవాడూ అతడే. అంటే పంచేవాడూ, పుచ్చుకొనేవాడూ ఒక్కడే! రసీదు అడిగేవాడు ఎదుట లేడు. అనువాదం ఈ చిక్కును మరుగుపరచింది.

సాక్షులను పెట్టడం మేలైన జాగ్రత్త అని హనఫీలూ ఒప్పుకొన్నారు. కాబట్టి అప్పులు తీరి పిల్లల భాగం తేలిన రోజున ఒక జాబితా, అప్పగించే రోజున మరొకటి, రెండూ సాక్షుల సమక్షంలో వ్రాయడం ఏ మజ్‌హబ్‌కూ విరుద్ధం కాదు. అది వసీపై అనుమానం కాదు. యుక్తవయసు వచ్చిన అనాథ లెక్క అడిగిన నాడు నిజాయితీపరుడైన వసీ మర్యాదను నిలబెట్టేది ఆ కాగితమే.