మూడో స్టాపర్

ఆదివారం భోజనాలయ్యాక మా మేనల్లుడు కరెంటు బిల్లు తిరగేసి, వెనకవైపు పదకొండు పేర్లు రాసి నా ముందు పెట్టాడు. "మామయ్యా, ఆ రోజు నేను కోచ్‌నయితే ఇదీ జట్టు" అన్నాడు. ఆ రోజంటే 2023 మే 22, లెస్టర్ సిటీ న్యూకాసిల్ వెళ్లి ఆడిన రోజు. మనకైతే అప్పటికే తేదీ మారింది. అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి మొదలైన ఆ మ్యాచ్‌ని మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. 2016లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు వాడు స్కూలు పిల్లాడు. అప్పట్నుంచీ వాడిది ఆ జట్టే. ఇన్నాళ్లయినా ఆ రాత్రి మంట వాడి కడుపులో చల్లారలేదు.

జాబితా చూశాను. గోల్స్ వేసే మాడిసన్ ఉన్నాడు, బార్న్స్ ఉన్నాడు, వాళ్ల కోసం వెనక ఒక స్టాపర్ ఎగిరిపోయాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఈ కాలమ్ ఎప్పట్నుంచో చదువుతున్నవాళ్లకి నేనేమంటానో తెలుసు. ఇప్పటి పిల్లలు సెంటర్ బ్యాక్ అంటారు. మేం మైదానంలో నేర్చుకున్న మాట స్టాపర్. మునిగే జట్టు ముందు వెనక తలుపు గడియ పెట్టుకోవాలి, ముందు గది ముస్తాబు సంగతి తర్వాత చూసుకోవచ్చు అని పాతికేళ్లుగా రాస్తున్నాను. ఇరవై జట్ల లీగ్‌లో అట్టడుగున ఉన్న మూడూ కింది డివిజన్‌కి పోతాయి. ఆ మూడింట్లో పడకుండా పెనుగులాడే జట్టుకి పదకొండు మందిని ఎంచడం కన్నా కష్టమైన పని ఫుట్‌బాల్‌లో లేదు. పైనున్న కోచ్ ఇద్దరు మంచి ఆటగాళ్లలో ఎవరా అని ఆలోచిస్తాడు. కిందున్న కోచ్ ముందు గాయం మానీ మాననివాడు, నమ్మకం పోగొట్టుకున్నవాడు, వచ్చే ఏడు ఏ క్లబ్‌లో ఉంటానా అని లెక్కలేసుకునేవాడు వరసగా నిలబడి ఉంటారు. వాళ్లలోంచే ఏరుకోవాలి.

ఆ రాత్రి లెస్టర్ కోచ్ డీన్ స్మిత్ చేసింది నాకు అప్పుడు సబబుగానే తోచింది. అంతకుముందు రెండు మ్యాచ్‌ల్లో ఆ జట్టు ఎనిమిది గోల్స్ తిన్నది. ఫుల్‌హామ్‌లో 5-3, సొంత గడ్డ మీద లివర్‌పూల్ చేతిలో 3-0. ఏ కోచ్‌కైనా నిద్ర పట్టదు. ఆయన మాడిసన్‌ని, బార్న్స్‌ని మొదటి పదకొండులోంచి తీసేసి, కాచుకునేవాళ్లని దించాడు. ఆ సీజన్లో లీగ్‌లో బార్న్స్ వేసినవి 13 గోల్స్, మాడిసన్‌వి 10. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. న్యూకాసిల్ బంతిని వదల్లేదు. బంతి గోల్ స్తంభాలకి తగిలి వెనక్కొచ్చిన ప్రతిసారీ మావాడు సోఫాలోంచి లేచాడు. లెస్టర్ గోల్‌కి గురిచూసి కొట్టిన బంతి ఒక్కటే. అదీ ఆట అయిపోతోందనగా కస్తాన్య కొట్టాడు, నిక్ పోప్ ఆపేశాడు. 0-0.

"ఒక్క పాయింటు చాలు, ఊపిరి నిలబడింది" అన్నాను ఆ రాత్రి. వాడు మాట్లాడలేదు. ఆరు రోజుల తర్వాత లెస్టర్ వెస్ట్‌హామ్‌ని 2-1తో గెలిచింది, అయినా కిందికి పోయింది. అదే గంటలో ఎవర్టన్ బోర్న్‌మత్‌ని 1-0తో గెలిచింది కాబట్టి. ఆ గోల్ వేసిన దుకూరే, అంతకు నాలుగైదు నెలల ముందు పాత కోచ్ హయాంలో జట్టు బయటికి వెళ్లిపోయినవాడు. కొత్త కోచ్ షాన్ డైచ్ వచ్చి వెనక్కి పిలిచాడు. ఎవర్టన్ 36 పాయింట్లు, లెస్టర్ 34.

నా వాదనకి బలమూ ఆ పట్టికలోనే ఉందని నేను వాడికి ప్రతిసారీ చూపిస్తాను. లెస్టర్ ఆ ఏడు 51 గోల్స్ వేసింది. ఎవర్టన్ వేసింది 34. పదిహేడు గోల్స్ ఎక్కువ వేసిన జట్టు పోయింది, తక్కువ వేసింది నిలబడింది. ఎందుకని? లెస్టర్ తిన్నవి 68, ఎవర్టన్ తిన్నవి 57. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

నా దగ్గర ఇంకో రుజువుంది. అది మా సికింద్రాబాద్ కథ. పాత పాఠకులకి కంఠతా వచ్చి ఉంటుంది, అయినా మళ్లీ చెబుతాను, కారణం ఉంది.

నేను డిగ్రీ రెండో ఏడు. మా డివిజన్లో ఆఖరి జట్టు కిందికి పోవాలి. చివరి మ్యాచ్‌కి మాకు కావలసింది ఒక్క పాయింటు. మా సారు చార్మినార్ సిగరెట్ పెట్టె చింపి, లోపలివైపు పెన్సిల్‌తో పదకొండు పేర్లు రాసుకొచ్చి చదివారు. మా సెంటర్ ఫార్వర్డ్ పేరు లేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ కుర్రాడు, మా జట్టు వేసిన గోల్స్‌లో సగానికి పైగా వాడివే. వాడి చోట చదివిన పేరు నాది. అప్పటిదాకా రిజర్వుల్లో ఉన్నవాణ్ని, ఆ రోజు మూడో స్టాపర్‌ని. పొద్దున వాన పడి గోల్ ముందంతా బురద. బంతి తడిసి ఇటుకలా బరువెక్కింది. డెబ్భై నిమిషాలు మేం సగం గ్రౌండు దాటి వెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆఖర్న ఒక బంతి గోల్ గీత మీద నా తొడకి తగిలి బయటికి పోయింది. ఆ దెబ్బ కమిలి వారం రోజులుంది. 0-0. బతికిపోయాం. సారు అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించారు. ఈ కాలమ్‌లో ఆ కథ ఎప్పుడూ ఇక్కడే ఆగింది.

మావాడు ఈసారి దానికి తల ఊపలేదు. "మామయ్యా, 2015 గురించి చెప్పు" అన్నాడు. చెప్పాను, ఉత్సాహంగానే చెప్పాను. ఎందుకంటే అదీ నా పక్షమే అనుకున్నాను. ఆ ఏడు లెస్టర్ తొమ్మిది మ్యాచ్‌లు మిగిలుండగా పట్టికలో అందరికన్నా కింద, గట్టెక్కడానికి ఏడు పాయింట్ల దూరంలో ఉంది. కోచ్ నైజెల్ పియర్సన్ వెనక ముగ్గురు స్టాపర్లని నిలబెట్టాడు. కెప్టెన్ వెస్ మోర్గన్, పోలండ్ వసిలెవ్‌స్కీ, స్టోక్ క్లబ్ నుంచి అరువు తెచ్చుకున్న రాబర్ట్ హూత్. కొండల్లాంటి మనుషులు. తొమ్మిదింట్లో ఏడు గెలిచారు, ఒకటి డ్రా, చెల్సీ ఒక్కదానికి ఓడారు. 41 పాయింట్లతో పద్నాలుగో స్థానం. ఐదు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ ఇవ్వలేదు.

"వేసినవెన్ని?" అన్నాడు వాడు. కూడాం ఇద్దరం, అదే బిల్లు మీద. 2, 3, 2, 1, 1, 3, 2, 0, 5. మొత్తం 19. అంతకుముందు 29 మ్యాచ్‌ల్లో ఆ జట్టు వేసింది 27. "వెనక ముగ్గుర్ని పెట్టింది ముందుకి పోవడానికి మామయ్యా. ఆల్‌బ్రైటన్ ఎక్కడ ఆడాడు?" నిజమే. మార్క్ ఆల్‌బ్రైటన్ పుట్టుకతో వింగర్. సీజన్లో ఎక్కువ భాగం బెంచీ మీద గడిపినవాడు. పియర్సన్ వాణ్ని కుడి అంచున, డిఫెండర్ ఉండాల్సిన చోట దించాడు. వెనక హూత్ ఉన్నాడన్న ధైర్యంతో వాడు ఆ గీత వెంట పైదాకా వెళ్లి బంతి వేసేవాడు. ముందు వార్డీ, ఉయోవా ఇద్దరూ ఉండేవాళ్లు. మూడో స్టాపర్ వచ్చినందుకు అక్కడ గోల్ వేసేవాళ్లెవరూ బెంచీ మీదికి పోలేదు. ఇన్నేళ్లూ నేను చూసింది వెనక ముగ్గుర్నే. వాళ్లని చూసుకుని ముందుకి పోయినవాళ్లని లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత వాడు న్యూకాసిల్ రాత్రి లెక్క వేశాడు. ఆ మ్యాచ్‌కి ముందు లెస్టర్‌కి 30 పాయింట్లు, ఎవర్టన్‌కి 33. ఎవర్టన్‌కి మిగిలింది ఒక మ్యాచ్, లెస్టర్‌కి రెండు. గోల్స్ తేడాలో లెస్టర్‌దే పైచేయి. ఆ రాత్రి ఓడిపోయి ఉంటే, ఆఖరి రోజు తాము గెలవాలి, ఎవర్టన్ ఓడాలి. డ్రా చేసుకున్నారు కాబట్టి, తాము గెలవాలి, ఎవర్టన్ గెలవకూడదు. అంటే అన్ని స్తంభాలూ అడ్డుపడి సంపాదించిపెట్టిన ఆ పాయింటు తెచ్చింది ఇంతే, ఎవర్టన్ డ్రా చేసుకున్నా ఫరవాలేదన్న వెసులుబాటు. అదే గెలిచి ఉంటే ఇద్దరూ 33. ఆఖరి రోజు వెస్ట్‌హామ్‌ని గెలిస్తే 36, ఎవర్టన్ ఏం చేసినా గట్టెక్కేవాళ్లు. గెలిచారు కూడా. ఆ రోజు లెస్టర్ మొదటి గోల్ వేసింది ఎవరు? బార్న్స్.

నేను ఆట నేర్చుకున్నప్పుడు గెలుపుకి రెండు పాయింట్లు. రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం. ఇంగ్లండ్‌లో 1981 నుంచే గెలుపుకి మూడు. ఒకటి ఓడి ఒకటి గెలిచినవాడికి మూడు, రెండూ డ్రా చేసుకున్నవాడికి రెండు. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసి కూడా నా తల పాత లెక్కే వేస్తోందని ఆదివారం దాకా గమనించలేదు. సిగరెట్ పెట్టె మీద రాసిన జట్టుని ఇరవై ఒకటో శతాబ్దపు లీగ్‌లో దించుతూ వచ్చాను.

చివరి దెబ్బ వాడు నా దేవుడితోనే కొట్టాడు. "మీ రహీం సార్ ఏం చేశారు మరి?" అన్నాడు. వాడు 'మైదాన్' సినిమా చూశాడు. ఆ కథ వాడికి చిన్నప్పుడు చెప్పింది నేనే. 1962 జకార్తా ఆసియా క్రీడలు. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్. ఆయన స్టాపర్ జర్నైల్ సింగ్‌కి నుదురు పగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే విశ్రాంతి ఇచ్చేవాడు. రహీం ఆయన్ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ వియత్నాం మీద 3-2, జర్నైల్ గోల్ వేశాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. గ్రూపు దశలో మనల్ని 2-0తో ఓడించిన కొరియా అది. నాకౌట్ మ్యాచ్‌లో డ్రాకి విలువ లేదు, అందుకే ఆయన తన దగ్గరున్న అతి గట్టి డిఫెండర్‌ని గోల్ వేయడానికి పంపారు. 2023లో సీజన్ చివర్లో లెస్టర్‌కి మిగిలిన రెండు మ్యాచ్‌లూ నాకౌట్ లాంటివే.

ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెస్టర్ గురించి కాదు. మా సికింద్రాబాద్ కథ రెండో సగం నేనెప్పుడూ రాయలేదు.

ఆ లాలాగూడ కుర్రాడికి సారు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. అందరితోపాటే జాబితా విన్నాడు. అప్పటికే బూట్లు వేసుకుని లేసులు కట్టుకున్నాడు. డెబ్భై నిమిషాలూ గీత పక్కన వేపచెట్టు కింద అలాగే కూర్చున్నాడు, బూట్లు విప్పలేదు. మేం గెంతుతుంటే లేచి వచ్చి అందరికీ చేతులు కలిపాడు, నాక్కూడా. చాయ్ తాగలేదు. ఆ బూట్లతోనే తారు రోడ్డు మీద ఇంటికి నడిచివెళ్లాడు. అడుగు పడినప్పుడల్లా అడుగున ఉన్న మేకులు టకటకమన్న చప్పుడు మలుపు తిరిగేదాకా వినపడింది. మరుసటి ఏడు వాడు ఇంకో జట్టుకి వెళ్లిపోయాడు. మేం ఆ ఏడు ప్రతి మ్యాచూ ముగ్గురు స్టాపర్లతో ఆడాం. ప్రతి మ్యాచ్‌లోనూ నేనున్నాను. తిన్న గోల్స్ తక్కువే, వేసినవి అంతకన్నా తక్కువ. అన్నీ డ్రాలూ చిన్న చిన్న ఓటములూ. ఆఖరి స్థానంలో నిలిచి కిందికి పోయాం. ఆ జట్టు మళ్లీ పైకి రావడం నేను చూడలేదు.

సారు తప్పు చేశారని అనను. ఆ రోజు ఒక్క పాయింటే కావాలి, ఆయన దాన్ని తెచ్చారు. ఆ ఒక్క రోజుకి రాసిన జట్టుని ఏడాదంతా ఆడించడం తప్పు. దాన్నే సిద్ధాంతంగా ఇన్నేళ్లు ఇక్కడ రాయడం నా తప్పు.

సోమవారం పొద్దున కరెంటు బిల్లు మీద నా పెన్నుతో ఒక్క మార్పు చేశాను. వాడు తీసేసిన స్టాపర్‌ని మళ్లీ రాసి, నడిమి వరసలో ఒక పేరు కొట్టేశాను. వాడు ఒప్పుకోలేదు, వచ్చే ఆదివారం మళ్లీ మాట్లాడుకుంటాం. మిగతా పేర్ల జోలికి నేను పోలేదు. మాడిసన్‌ని, బార్న్స్‌ని న్యూకాసిల్‌లో మొదటి నిమిషం నుంచే ఆడించాల్సింది.