ఎవరూ ముట్టుకోని సాకెట్

ఇంజినీరింగ్ ల్యాబులో సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) ముందు కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒకరోజు అరిచే అరుపే ఇది: "సార్, వేవ్ నిలబడట్లేదు!" తెర మీద సైన్ వేవ్ పక్కకి జారిపోతూనే ఉంటుంది. ట్రిగ్గర్ లెవెల్ నాబ్ తిప్పితే కాసేపు ఆగుతుంది. ఆంప్లిట్యూడ్ కాస్త తగ్గించామా, మళ్లీ పరుగే. మా ల్యాబ్ అసిస్టెంటు గారు ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేవారు. ఫంక్షన్ జనరేటర్‌కి ఓ మూల దుమ్ము పట్టి ఉన్న 'సింక్' సాకెట్ నుంచి కేబుల్ తెచ్చి, సీఆర్‌ఓ ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌లో గుచ్చి, సోర్స్ స్విచ్ జరిపేవారు. మేకు కొట్టినట్టు బొమ్మ ఆగిపోయేది.

గీత ఎక్కడ మొదలుపెట్టాలో సీఆర్‌ఓ మామూలుగా సిగ్నల్‌నే అడుగుతుంది. సిగ్నల్ చిన్నదైనా, నాయిస్‌తో గరగరలాడినా, మాడ్యులేషన్ మోస్తున్నా, ఒక్కోసారి ఒక్కో చోటు చూపిస్తుంది. సింక్ నుంచి వచ్చే మొండి స్క్వేర్ పల్స్‌కి తెలిసింది ఒక్కటే: సైకిల్ ఎప్పుడు తిరిగొచ్చిందో చెప్పడం. కోలాటంలో గురువు ఊదే ఈల లాంటిదన్నమాట. ఈలలో పాట ఉండదు, అడుగు మారేది మాత్రం దాన్ని బట్టే.

ఈ స్క్వేర్ పల్స్‌ని పనిగట్టుకుని తయారుచేయనక్కర్లేదు కూడా. అనలాగ్ జనరేటర్‌లో ఒక కెపాసిటర్ నిలకడైన కరెంటుతో నిండుతుంది. పై హద్దు తాకగానే కంపారేటర్ తిరగబడి దాన్ని ఖాళీ చేయిస్తుంది, కింది హద్దు దగ్గర మళ్లీ తిరగబడుతుంది. కెపాసిటర్ మీద ట్రయాంగిల్, కంపారేటర్ దగ్గర స్క్వేర్. ట్రయాంగిల్ కొనలు గుండ్రం చేస్తే సైన్. అందుకే ఆ స్క్వేర్ అంచు సున్నా దగ్గర పడదు, ట్రయాంగిల్ కొన దగ్గర పడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఎక్స్‌ఆర్-2206 ఫంక్షన్ జనరేటర్ ఐసీలో ఈ స్క్వేర్ వచ్చేది 11వ పిన్ను మీద. ఓపెన్ కలెక్టర్ పిన్ను అది, సప్లైకి ఒక రెసిస్టర్ కట్టకపోతే ఏమీ పలకదు. ఆ సంగతి తెలియక నేను రెండు ఐసీలు పారేశాను.

డిజిటల్ పెట్టెల్లో కెపాసిటర్ బదులు లెక్కపెట్టే రిజిస్టర్ ఉంటుంది. దాని పై బిట్టే సింక్‌కి సరిపోతుంది.

అసలు చిక్కు రెండు జనరేటర్లు పక్కపక్కన పెట్టినప్పుడు. రెండింటికీ 1 కిలోహెర్ట్జ్ అని సెట్ చేసినా, వాటి లోపలి క్రిస్టల్స్ మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉంటే 1000 సెకన్లలో, అంటే పదిహేడు నిమిషాల్లోపే, ఒకటి ఇంకోదాన్ని పూర్తి సైకిల్ దాటిపోతుంది. మొదటిదాని వెనకనున్న 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌ని రెండోదానికి ఇస్తే ఈ జారుడు ఆగుతుంది. అయినా రెండూ ఒకే క్షణాన బయలుదేరాలంటే ట్రిగ్గర్ పల్స్ వేరే ఇవ్వాలి. నడక వేగం కలవడం ఒకటి, అడుగు కలవడం ఇంకొకటి. ఈ రెంటినీ కలగలిపేసి మధ్యాహ్నాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

ఇక కేబుల్. మామూలు కోయాక్సియల్‌లో మీటరుకి దాదాపు 5 నానోసెకన్ల ఆలస్యం. ఒక కేబుల్ ఇంకోదానికంటే రెండు మీటర్లు పొడవెక్కువైతే 10 మెగాహెర్ట్జ్ దగ్గర 36 డిగ్రీల ఫేజ్ పోయినట్టే. అందుకే మా అసిస్టెంటు గారు సమాన పొడవు కేబుళ్లకి జతగా ఎర్ర టేపు చుట్టి, బీరువాలో తాళం వేసేవారు.