క్షమయు చెల్లింపును

వైరి వశపడినపుడు కీడు సేయక యుపకారమొనర్చి పంపుమని వేమన పేర నొక పద్యము ప్రసిద్ధము. 1820లో కడపకు వచ్చి, 1829లో వేమన పద్యములను ప్రకటించిన బ్రౌను క్రైస్తవ మతబోధకుని కుమారుఁడు. శత్రువును ప్రేమింపుమను క్రీస్తుబోధయు నిదియు నొక్కటేయని మురియుట సులభము. కాని యా పద్యము క్షమించువానితో మాత్రమే మాటలాడుచున్నది. క్షమింపఁబడినవాఁడేమి చేయవలెనో చెప్పదు.

లూకా సువార్తలోని జక్కయ్య కథ యీ కొఱఁత దీర్చుచున్నది. జనులు సణిగినను క్రీస్తు సుంకరి జక్కయ్య యింటి కతిథియై పోయెను. జక్కయ్యయు నన్యాయముగాఁ గొన్నదానికి నాలుగింత లిచ్చెదననెను. ఆదరణ ముందు, చెల్లింపు వెనుక.

పగలు మోసిన సీమపల్లెలకు మొదటి పాఠ మెంత యవసరమో, ఎఱ్ఱగుంట్ల యంగడిలో తక్కెడ పట్టువానికి రెండవది యంతే యవసరము. ప్రార్థనలో కన్నీరు విడిచి, తూనికలో తగ్గించువానికి క్షమ యింకను నర్థము కాలేదు.