గౌను లోపలి కట్టుబడి

విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్యకాలపు గౌనును ఇంట్లో కుట్టదలచినవారు మొదట గ్రహించవలసినది, దాని అందమంతా పైకి కనిపించని కట్టుబడి మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి. 19వ శతాబ్దపు ద్వితీయార్ధానికి చాలా గౌనులు రెండు భాగాలుగా తయారయ్యేవి. నడుము వరకు ఒంటిని పట్టి ఉండే పైభాగాన్ని బాడీస్ అనీ, నడుము నుంచి నేల దాకా దిగే భాగాన్ని స్కర్టు అనీ అంటారు. ఈ రెండింటిలో ఎక్కువ నేర్పు కోరేది బాడీసే కాగా, ఆ నేర్పులో సగానికి పైగా చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో ఇంటిపట్టున జాకెట్లు కుట్టే స్త్రీల చేతుల్లో ఇప్పటికే ఉంది.

లైనింగ్ జాకెట్టుకు పై గుడ్డ ముక్కనూ లైనింగ్ ముక్కనూ ఒకదానిపై ఒకటి పరిచి, అంచుల వెంట కచ్చా కుట్టు వేసి, ఆ తరువాత రెండింటినీ ఒకే గుడ్డగా ఎంచి డాట్లూ పక్క కుట్లూ వేయడం కుట్టుపని తెలిసినవారికి పరిచితమైన పద్ధతి. విక్టోరియా కాలపు బాడీస్ కూడా ఇలాగే తయారయ్యేది. పలుచని పట్టు సాగిపోకుండా, బిగువునంతా గట్టి నూలు లైనింగ్ భరించేది. ఒళ్లు చేసినప్పుడు విప్పుకోవడానికి జాకెట్టు పక్కల్లో గుడ్డ వదిలినట్లే బాడీసుల్లోనూ ధారాళంగా వదిలి, పోగులు ఊడకుండా ఆ అంచులను చేత్తో చుట్టి కుట్టేవారు. ఏటవాలుగా కత్తిరించిన పట్టీలో దారం పెట్టి కుట్టే పైపింగ్ సైతం రెండింటికీ ఉమ్మడిదే.

తేడా కార్సెట్ దగ్గర మొదలవుతుంది. ఇది నడుమును బిగించే గట్టి లోదుస్తు గనుక, కొలతలు దానిని కట్టుకున్న తరువాతే తీయాలి. అసలు పట్టును కత్తిరించే ముందు పాత దుప్పటి గుడ్డతో ఒక నమూనా కుట్టి, దాని మీదే చంకను సరిచూసుకోవడం తప్పనిసరి. చంకను చిన్నదిగా, పైకి కత్తిరిస్తే చెయ్యి సులువుగా లేస్తుంది, వదులుగా కోస్తే చెయ్యి ఎత్తగానే బాడీస్ మొత్తం పైకి లాగుకుపోతుంది, ఒకసారి కోసిన గుడ్డలో ఈ లోపాన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం. బాడీస్ ముడతలు పడకుండా కుట్ల వెంట లోపల సన్నని పట్టీలు కుట్టి, తిమింగలం నోటిలోని వంగే పలకల నుంచి చీల్చిన పుల్లలను వాటిలో దూర్చేవారు. నేడు ఇళ్లలో కుట్టేవారు అనేకులు ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే వెడల్పాటి కేబుల్ టైలను తగిన పొడవుకు కోసి, గుచ్చుకోకుండా మొనలను గుండ్రంగా అరగదీసి, వాటి స్థానంలో వాడుతున్నారు.

స్కర్టు ఆకారం దశాబ్దానికొక తీరుగా మారింది. 1850ల చివర ఉక్కు వలయాల క్రినోలిన్ దానిని నలువైపులా విప్పార్చగా, 1870, 1880 దశకాల్లో బసల్ అనే ఆధారం వెనుక భాగాన్ని మాత్రమే ఎత్తి నిలిపింది. అందువల్ల లోపలి ఆధారాన్ని ముందు సిద్ధం చేసుకుని, దాని మీదే కింది అంచు పొడవు కొలవాలి. క్రినోలిన్ కాలపు స్కర్టులో మీటర్ల కొద్దీ వెడల్పును నడుము పట్టీలోకి ఇమిడ్చడానికి, సమాన దూరంలో రెండు మూడు వరసల చేతికుట్టు వేసి, దారాలను లాగి, ఏర్పడిన ప్రతి మడత మొననూ పట్టీకి విడివిడిగా కుట్టాలి. ఇది ఓపికతో చేయవలసిన చేతిపని. గుడ్డకు మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల పట్టు, అంచులకు 19వ శతాబ్దంలో క్రైస్తవ ప్రచారకుల ద్వారా గోదావరి తీరంలో వేళ్లూనిన నరసాపురం లేసు చక్కగా అమరుతాయి.

జాకెట్టుకూ బాడీసుకూ ఉన్న ఈ దగ్గరితనానికి చరిత్రలోనూ మూలాలున్నాయి. అమెరికన్ వైద్య ప్రచారకుడు జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెకు వచ్చిన 1863లోనే, అమెరికాలో ఎబినీజర్ బటరిక్ వేర్వేరు కొలతల కాగితపు నమూనాల అమ్మకం ప్రారంభించాడు; 1851లో పేటెంటు పొందిన సింగర్ కుట్టుమిషనుతో కలిసి ఆ నమూనాలు కుట్టుపనిని సామాన్యుల ఇళ్లకు చేర్చాయి. ఆ తరంలోనే బెంగాలులోని ఠాగూర్ కుటుంబపు కోడలు జ్ఞానదానందినీ దేవి చీరకు జాకెట్టునూ లోపావడనూ జోడించిన కట్టును ప్రచారంలోకి తెచ్చింది. నేటి జాకెట్టు పోకడలో బాడీస్ ఛాయలు కనిపించడం అందుచేత వింత కాదు.

బ్రిటిష్ వస్త్రచరిత్రకారిణి జానెట్ ఆర్నాల్డ్ పాత గౌనులను స్వయంగా పరిశీలించి, కొలిచి, ప్రతి ముక్కనూ గళ్ల కాగితంపై గీసి 1964, 1966లలో ప్రచురించిన సంపుటాలు వస్త్రచరిత్రకు ప్రామాణిక గ్రంథాలయ్యాయి. ఆ గీతల్లోని డాటు ఎందుకు వంగిందో, చంక ఎందుకు కుదించుకుందో జాకెట్టు కుట్టే చేతికి ఇట్టే తెలుస్తుంది. అలాంటి తెలివిడిని కేవలం కూలిపనిగా లెక్కగట్టడం అన్యాయం. కుట్టు శిక్షణ ఇచ్చే ప్రతిచోటా అభ్యాసకులు ఇటువంటి బాడీసునొకదాన్ని ఆసాంతం కుట్టి చూడాలి. తమ చేతిలో ఉన్నది రెండు శతాబ్దాల శాస్త్రమని అప్పుడు వారికి నమ్మకం కుదురుతుంది, ఆ నమ్మకంతోనే తమ పనికి తగిన ధర అడగగలుగుతారు.