స్టీరింగ్ ఎక్కడ పట్టేసింది?

అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం, విన్‌స్టన్-సేలం పట్టణంలో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావుమైలు తారుబాట. అక్కడ నాస్కార్ కార్ల పందేలు 1949లో మొదలయ్యాయి. వేసవి శనివారం సాయంత్రాల్లో ఇప్పటికీ జరుగుతున్నాయి. అమెరికా అంతటా ఇలాంటి చిన్న బాటలు చాలా ఉన్నాయి. వాటిమీద కార్లు తోలేవాళ్లలో ఎక్కువమంది వారమంతా ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రుళ్లు ఇంటి షెడ్డులో కారు బాగుచేసుకునే మామూలు మనుషులు. స్ట్రీట్ స్టాక్ తరగతిలో వాళ్లకు ఇష్టమైన బండి 1978-88 మధ్య వచ్చిన షెవ్రొలే మాంటే కార్లో. సీట్లు, అద్దాలు పీకేసి లోపల ఇనుప పంజరం కడతారు. స్టీరింగ్ భాగాలు మాత్రం చాలావరకు కంపెనీ ఇచ్చినవే.

ఆ స్టీరింగ్ ఒకనాడు బిగుసుకుపోతుంది. పావుమైలు బాటలో తిన్నగా పోయే దూరం తక్కువ, తిప్పుడే ఎక్కువ. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైనా బండి గోడకు తగులుతుంది. కొత్తవాడు వెంటనే పవర్ స్టీరింగ్ పంపు కొంటాడు, అదీ కాకపోతే స్టీరింగ్ బాక్స్ కొంటాడు. అనుభవజ్ఞుడు ఒక్క డాలరూ ఖర్చుపెట్టకుండా జాకీ వేస్తాడు. ఈ పద్ధతి ఒకరి చేతిని చూసి ఇంకొకరు నేర్చుకున్నది. దాని సారం ఇంతే: స్టీరింగ్ నుంచి చక్రం దాకా ఉన్న భాగాల గొలుసును ఒక్కో కొక్కెం దగ్గర విప్పుతూ, విప్పిన ప్రతిసారీ చేత్తో తిప్పి చూడటం.

ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా ఎత్తి, బండిని స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పుతారు. పవర్ స్టీరింగ్‌లో నూనెను తోయాలి కాబట్టి కొంత బరువు ఉంటుంది. చూడాల్సింది ఆ బరువు అంతటా ఒకేలా ఉందా అన్నది. గాలిలో సాఫీగా తిరిగి, నేలమీద మాత్రం మొండికేస్తే తప్పు టైర్లలోనో, చక్రాల కోణాల్లోనో, పవర్ సాయంలోనో ఉంటుంది. గాలిలోనే పట్టేస్తే ఏదో ఒక భాగం బిగుసుకుందన్నమాట.

అప్పుడు స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్‌లను చక్రాల దగ్గర విప్పుతారు. ఒక్కో చక్రాన్ని విడిగా చేత్తో తిప్పుతారు. బరబరమని అడ్డుపడితే చక్రం తిరిగే కీలు, అంటే బాల్ జాయింట్, పోయినట్టు. ఈ బండిలో స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది, బరువు మోసేది కింది జాయింటే. అందుకే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఎడమకే తిరిగే పందెంలో గోడకు ఎక్కువగా తగిలేది కుడి ముందు చక్రం కాబట్టి పరీక్ష అక్కడే మొదలుపెట్టడం మంచిది. రెండు చక్రాలూ తేలిగ్గా తిరిగితే, స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే పిట్‌మన్ ఆర్మ్ దగ్గర, రెండు వైపుల టై రాడ్లను కలిపే సెంటర్ లింక్‌ను విడదీస్తారు. ఆ లింక్ రెండో చివరను మోసే ఐడ్లర్ ఆర్మ్ బ్రాకెట్ వంగి ఉంటే ఆ లింక్ వాలుగా లాగబడి పట్టేస్తుంది.

లింక్ కూడా సాఫీగా కదిలితే ఇక మిగిలింది బాక్స్, దాని పైనున్న షాఫ్ట్. ఇక్కడే ఈ విద్య నాకు అత్యంత ముచ్చటగా తోస్తుంది, ఎందుకంటే ఇక్కడ తప్పు ఏదో చేతికి తగిలే తీరే చెబుతుంది. స్టీరింగ్ సరిగ్గా నడిమధ్యకు వచ్చినప్పుడే బిగుసుకుంటే, ఆటను తగ్గించాలని ఎవరో బాక్స్ పైనున్న స్క్రూను అతిగా బిగించారు. బాక్స్ లోపల వార్మ్ మీద ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి. మన ఆటోనగర్‌లకు వచ్చే లారీల్లోనూ ఇదే సూత్రం. స్టీరింగ్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బరువు, రెండుసార్లు తేలిక అయితే అది షాఫ్ట్‌లోని యూనివర్సల్ జాయింట్ పని. దాని కోణం మరీ ఎక్కువై ఉండాలి, లేదా పక్కనే పోయే పొగగొట్టం వేడికి గ్రీజు ఎండి ఉండాలి.

నూనె వైపు తప్పులు బండి నడిచేటప్పుడే పట్టుబడతాయి. మొదటి ల్యాపుల్లో బాగుండి చివర్లో మొరాయిస్తే నూనె కాగిపోయింది, కూలర్ కావాలి. నూనె నురగలా ఉంటే లోపల గాలి చేరింది. ఇంజిన్ ఆపి, చక్రాలెత్తి, అటూ ఇటూ చాలాసార్లు తిప్పితే ఆ గాలి పోతుంది. పసుపు జెండా కింద మెల్లగా పోతున్నప్పుడే బరువెక్కితే పంపు పుల్లీ మరీ పెద్దది. బెల్టు జారడం ఎప్పుడూ చూసుకోవాల్సిందే.

చక్రాల కోణాల్లో క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, ముఖ్యం. బండి దానంతట అదే ఎడమకు మొగ్గేలా కుడివైపు క్యాస్టర్ ఎక్కువ, ఎడమవైపు తక్కువ పెడతారు. రెండూ మరీ పెంచితే చేతులు నొప్పి పుడతాయి. అది రోగం కాదు, కొలత తప్పు.

విడిభాగాలు మార్చుకుంటూ పోయినా ఏదో ఒకనాడు బండి బాగవుతుంది. కానీ కారణం తెలియదు, వచ్చే శనివారం మళ్లీ అదే వస్తుంది. విప్పి చూసేవాడికి తన బండిలోని ఒక్కో కీలూ తెలుస్తుంది, అందుకే ఈ విద్య షెడ్డు దాటి పోకూడదని నా ఆశ. ఒక్క మాట మాత్రం ఖచ్చితంగా పాటించండి: విప్పిన ప్రతి టై రాడ్ నట్టుకూ కొత్త కాటర్ పిన్ వేయండి. పాత పిన్ను వంచి మళ్లీ వాడకండి.