మేళం కట్టిన చెవి

వీణను వాయించినవారి చరిత్ర మనకు కొంతలో కొంతైనా లిఖితమై ఉన్నది. చేసినవారి చరిత్ర మాత్రం వారి ఇళ్ల వసారాలలో, పనసకర్ర పొట్టు నడుమ, నోటిమాటగానే నిలిచిపోయింది. తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి నాదోపాసనను, ఈమని శంకరశాస్త్రిగారి గమక వైభవాన్ని, చిట్టిబాబుగారి మీటులోని మార్దవాన్ని గురించి పూటలకొద్దీ ప్రసంగించగల రసజ్ఞులు సైతం, ఆ నాదానికి ఆశ్రయమైన దారువును తొలిచిన చేతులెవరివని అడగగా నేను విన్నది బహు అరుదు. నలభై ఏళ్లుగా ఇంటి వసారానే కర్మశాలగా చేసుకొని వీణలు చేస్తూ, చెడినవాటిని బాగుచేస్తూ వచ్చిన ఒక శిల్పి స్వయంగా కలం పట్టి వ్రాసిన గ్రంథం కనుక దీనికి పీఠిక వ్రాయడాన్ని నేను గౌరవంగా భావిస్తున్నాను.

బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో వేళ్లూని, సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయుల ఇళ్లలో తరతరాలుగా వర్ధిల్లుతున్న విద్య ఇది. కుండ, దండి, యాళిముఖం వేర్వేరుగా చేసి అతకక, ఒకే పనస మానులో ఏకఖండంగా తొలచడం ఆ సంప్రదాయపు ప్రతిష్ఠ. గ్రంథకర్త ఆ వంశంలో జన్మించినవారు కారు. అక్కడి ఒక వృద్ధశిల్పి చెంత బాడిస పట్టడం మొదలుకొని శుశ్రూష చేసి నేర్చినవారు. ఆరిన మాను ఏదో, పచ్చిదనం చావనిది ఏదో వేలి కణుపుతో తట్టి చెప్పే పరిజ్ఞానాన్ని ఆయన అక్షరాలలో పెట్టిన పుటలు నన్ను ఎంతో ఆకర్షించాయి.

అయినా ఈ గ్రంథానికి గర్భగుడి మేళం కట్టే, అంటే మెట్లను స్వరస్థానాలలో నిలిపే, ప్రకరణమే. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వీణకు ప్రత్యేకించి ఒక ప్రకరణాన్నే కేటాయించి, మెట్ల స్థానాలను శాస్త్రీకరించాడు. ఆ శాస్త్రం చేతిలోకి ఎలా దిగుతుందో నేను కళ్లారా చూచినది మా ఇంట్లోనే. మా తల్లిగారి వీణను మునుపు ఒకరి చేత బాగుచేయించగా, మైనం మెత్తనై, రోహిణి కార్తె ఎండలకు మెట్లు ఒరిగిపోయాయి. ఆమె దానిని గలేబు కప్పి మూల నిలబెట్టి, మరి ముట్టలేదు. ఈ గ్రంథకర్త వచ్చి, ఇరవైనాలుగు కంచు మెట్లనూ పెరికి, పాత మైనాన్ని ఒలిచి, తేనెమైనంలో గుగ్గిలమూ బొగ్గుపొడీ పాళంగా కలిపి కాచి, దండికి ఇరువైపులా గట్లు పోసి, శ్రుతి చేసి, మాట్లాడవద్దని మాకు సైగ చేశారు. పంకా కూడా ఆపించారు. తీగ పొడవులో సరిగ్గా సగాన పైషడ్జపు మెట్టు, కుండ వైపునుంచి మూడింట రెండు వంతుల పొడవు మిగిలేచోట పంచమపు మెట్టు రావాలని గణితం చెబుతుంది. కాని వేలితో అదిమినప్పుడు తీగ బిగువు కొంత హెచ్చి స్వరం పైకి పోతుంది గనుక, గణితం చూపిన చోటినుంచి మెట్టును బిరడల వైపు వెంట్రుకవాసి జరపాలి. ఎంత జరపాలన్నది తీగ లావును బట్టి, మెట్టు ఎత్తును బట్టి మారుతుంది కాబట్టి దానికి కొలబద్ద లేదు. ఆయన ఒక్క మెట్టును ఎనిమిదిమార్లు కదిపారు. ఎనిమిదవమారు మీటిన తరువాత మా తల్లిగారు, అప్పటిదాకా కళ్లు మూసుకొని కూర్చున్నవారు, తల ఊపారు. ఆయన మరుసటి మెట్టు అందుకున్నారు. ఇరవైనాలుగు మెట్లూ పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది.

దీనిని పాండిత్యమని గాక పనితనమని మాత్రమే పిలవడానికి నా మనస్సు ఒప్పదు.

మరమ్మతును గురించిన అధ్యాయంలో ఆయన పాటించిన నియమం ప్రశంసార్హం: మొదట చేసిన శిల్పి గుర్తులను చెరపరాదనీ, పగులు మూయడానికి అవసరమైనంతకు మించి పాత కర్రను చెక్కరాదనీ, పైమెరుగు కోసం దళసరి పూత పూసి కుండ నాదాన్ని అణచరాదనీ ఆయన పట్టుదల. కొత్త వీణ అమ్ముకోగల అవకాశం ఎదుట ఉన్నా, పాతదానికి ఇంకా జీవముందని చెప్పి యజమానులను వెనక్కి పంపిన ఉదంతాలు ఇందులో రెండున్నాయి. తమ ఔదార్యాన్ని చాటుకోవాలన్న తలపు ఆ కథనంలో ఎక్కడా పొడసూపదు.

ఒక్క విషయంలో గ్రంథకర్తతో వాదించాను. తంబురాకు ఆయన ఇచ్చినవి మూడే పుటలు. తీగకూ గుర్రానికీ నడుమ చేర్చే జీవదారాన్ని వెంట్రుకవాసి ఇటు జరిపితే నాదం మొద్దుబారడం, అటు జరిపితే రవళి విచ్చుకోవడం ఆయన చేతిలోనే నేను విన్నాను గనుక, ఆ నూలుపోగు సంగతి సవిస్తరంగా వ్రాయవలసినదని కోరాను. అది వ్రాస్తే వచ్చేది కాదని మొదట అన్నారు. తమ మనుమరాలిని ఎదుట కూర్చోబెట్టుకొని, ఆమెకు చెబుతున్నట్లు వ్రాసి చూస్తామని తరువాత ఒప్పుకున్నారు. మలి ముద్రణ కోసం నేను ఎదురుచూస్తున్నది ఆ పుటలకే.