పాటకు ముందు నెల

మా ఊరి శివాలయం మాన్యానికి మూడేళ్లకోసారి కౌలు పాట జరిగేది. గుమాస్తా గుడి అరుగు మీద కూచుని ‘సర్కారువారి పాట ఇంత’ అని మొదలుపెట్టేవాడు. పాట పెరిగి పెరిగి ఒకచోటికి వచ్చేసరికి మా నాన్న గొంతు ఆగిపోయేది. పక్కవాళ్లు ‘ఇంకొక్క బస్తా పెంచవయ్యా’ అని ఎగదోసినా నోరు విప్పేవాడు కాదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, “ఆ చేను ఏం పండుతుందో మొన్నే గట్టు వెంట తిరిగి చూసొచ్చాను. పాట పెరిగినంత మాత్రాన చేను పెరగదు కదా” అనేవాడు.

నేను బ్యాంకు ఉద్యోగంలో చివరి తొమ్మిదేళ్లు బకాయిల వసూలు విభాగంలో పనిచేశాను. తాకట్టు ఇళ్ల తలుపులకు నోటీసులు అంటించాను, పంచనామాలు రాశాను, వేలాలు నడిపాను. రిటైరయ్యాక బల్లకు అటువైపు వచ్చాను. చుట్టాలూ స్నేహితులూ వేలం ప్రకటన ఉన్న పేపరు ముక్క పట్టుకుని వస్తే, వాళ్లతో కలిసి ఆ స్థలం చూడ్డానికి వెళ్తుంటాను. ఈ పనిలో నాకు గురువెవరంటే మా నాన్నే.

ఇప్పుడు గుడి అరుగు లేదు, అంతా కంప్యూటరు తెర మీదే. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) స్థలాలు ఎంఎస్‌టీసీ ద్వారా ఈ-వేలంలో అమ్ముతున్నారు. ఎంఎస్‌టీసీ 1964లో తుక్కు ఇనుము వ్యాపారం కోసం పుట్టిన సంస్థ. కేంద్ర ప్రభుత్వానిది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ భూములకు సర్కారు పాట ఎకరం 35 కోట్ల దగ్గర మొదలైంది. ఒక ప్లాటు 100 కోట్ల 75 లక్షల దగ్గర ఆగింది. ఆ రోజు 45.33 ఎకరాలకు మూడు వేల మూడు వందల కోట్లకు పైగా వచ్చాయి. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. ఈ అంకెలు పేపర్లో పడ్డ మర్నాటి నుంచి, శివార్లలో 200 గజాలు కొనుక్కోవాలనుకునే గుమాస్తాకు కూడా నిద్ర పట్టదు. సర్కారు లేఅవుటు అంటే టైటిల్‌కు ఢోకా లేదు, ఇవాళ కొంటే రేపు రెట్టింపు అని నమ్మేస్తాడు.

సర్కారు అమ్మే స్థలం ప్రైవేటు వెంచరు కంటే చాలావరకు నయమే, కాదనను. కానీ ఇదే కోకాపేటలో 2006లో హెచ్‌ఎండీఏకు ముందున్న హుడా వేలం వేసిన భూముల టైటిల్ వివాదంలో పడింది. వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. పాట గెలిచిన వాళ్లే మా డబ్బు మాకిచ్చేయండని అడిగే దాకా వచ్చింది. వాళ్లు పెద్ద కంపెనీల వాళ్లు కాబట్టి వకీళ్లను పెట్టుకుని ఏళ్లపాటు తట్టుకున్నారు. పీఎఫ్ డబ్బుతో కొన్న మనిషి తట్టుకోగలడా?

ఇక బ్యాంకు వేలాల సంగతి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జరిగే ఈ అమ్మకాల ప్రకటన చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో ఎప్పుడూ ఉండే షరతు ఒకటుంది: ‘ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా, ఏదున్నా అలాగే.’ ఈ వాక్యం నేనే కొన్ని వందల సార్లు సంతకం పెట్టి పేపరుకు పంపాను. దాని బరువేమిటో కొనేవాడి పక్కన నిలబడ్డాకగానీ నాకు పూర్తిగా తెలియలేదు. పాత యజమాని కట్టని కరెంటు బిల్లులు కూడా ఈ షరతు చాటున కొత్త యజమాని నెత్తిన పడొచ్చు. 2023 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సంగతి స్పష్టంగా చెప్పింది.

పోయిన ఏడాది మా మేనల్లుడు కూకట్‌పల్లి వైపు ఒక రెండు పడగ్గదుల ఫ్లాటు ప్రకటన తెచ్చాడు. కనీస ధర 46 లక్షలు. చుట్టుపక్కల అలాంటివి 65కు పోతున్నాయి. “మావయ్యా, ఏ లెక్కన చూసినా దాదాపు 20 లక్షలు మిగులుతాయి” అన్నాడు. “ముందు వెళ్లి చూద్దాం పద” అన్నాను.

ఆ నెలంతా తిరిగాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 30 ఏళ్లకు ఈసీ, అంటే ఆ ఆస్తి మీది లావాదేవీల పత్రం, తీయించాం. అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడిగితే ఆ ఫ్లాటు వాళ్లు రెండేళ్లుగా మెయింటెనెన్స్ కట్టడం లేదన్నాడు. ఆస్తి పన్ను, కరెంటు బాకీ కూడా కలిపితే లక్షా 80 వేలు తేలింది. కింద కిరాణా కొట్టతనికి ఇంటి గొడవలన్నీ తెలుసు. ఇంట్లో ఎవరున్నారు, బయటివాళ్లెవరైనా వాటా అడుగుతున్నారా అన్నది ఏ కాగితం కంటే అతనే బాగా చెప్పాడు. ప్రకటనలో స్వాధీనం దగ్గర ‘సింబాలిక్’ అని ఉంది. అంటే బ్యాంకు చేతికి వచ్చింది కాగితమే, తాళం కాదు. మనుషులు లోపలే ఉన్నారు. వాళ్లు ఖాళీ చేసేదాకా మేజిస్ట్రేటు ఉత్తర్వు కోసం ఎదురుచూడాలి.

తలుపు తట్టాం. ఒకావిడ తీసింది. లోపల పిల్లవాడు నేల మీద కూచుని లెక్కలు చేసుకుంటున్నాడు. ఎందుకొచ్చామో చెప్పాం. ఆవిడ కోప్పడలేదు. మంచినీళ్లు ఇచ్చి, “ఎన్నాళ్లలో ఖాళీ చెయ్యమంటారండీ?” అని అడిగింది. నేను నోటీసులు అంటించిన తలుపుల వెనక ఇలాంటి ఇళ్లే ఉన్నాయని నాకు తెలియక కాదు. అయినా కొనేవాడి తరఫున ఆ ఇంట్లో కూచోవడం అదే మొదలు. మేనల్లుడు గ్లాసు చేత్తో పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

కిందికి దిగాక, “ఇలాంటిది కొనడం పాపం కాదా మావయ్యా?” అన్నాడు. కాదన్నాను, ఇప్పటికీ కాదనే అంటాను. పాట ఎంత పెరిగితే వాళ్ల బాకీ అంత తీరుతుంది. బాకీ, ఖర్చులు పోగా మిగిలింది ఆ కుటుంబానికే తిరిగి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. పాపమంటే రింగు కట్టడం. నలుగురు పాటదారులు ముందే కూడబలుక్కుని, ఒకడు పాడితే మిగతావాళ్లు నోరు మూసుకుని, తర్వాత లాభం పంచుకోవడం. అది ఆ పిల్లవాడి ఇంటి నుంచి చేసే దొంగతనం. నా సర్వీసులో అలాంటి పాటలు చూశాను. అనుమానం వచ్చినప్పుడు అమ్మకం ఆపి మళ్లీ ప్రకటన వేయించాను. ఆపలేకపోయినవీ ఉన్నాయి. అవి ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

ఇంటికెళ్లి కాగితం మీద లెక్క వేశాం. 52 లక్షలకు పాట దక్కిందనుకుంటే, రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే 3 లక్షల 90 వేలు. బాకీలు 1.8 లక్షలు, మరమ్మతులకు 3 లక్షలు. స్వాధీనం ఏడాది ఆలస్యమైతే ఈలోగా కట్టుకునే అద్దె 2.4 లక్షలు. మొత్తం 63 దాటింది. వాడు అనుకున్న 20 లక్షలు రెండు లక్షల లోపుకు దిగాయి. వకీలు ఫీజు అందులో వెయ్యనే లేదు. ఆ 52 అంకెను వాడి భార్య చేత రాయించి గోడ మీద అంటించాం.

డబ్బు సర్దుబాటు గురించి మాత్రం వాడితో గట్టిగా మాట్లాడాను. పాట దక్కితే ధరావతుతో కలిపి 25 శాతం ఆ రోజో మర్నాడో కట్టాలి. మిగతా 75 శాతం అమ్మకం ఖరారయ్యాక 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు ఒప్పుకుంటే ఆ గడువు మూడు నెలలకు మించకుండా పెంచొచ్చు, అంతే. పాట గెలిచాక లోనుకు తిరగడం మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే మునిగిపోతారు. తమిళనాడులో ఒకాయన 12 కోట్ల 27 లక్షలకు పాట పాడి, 25 శాతం కట్టి, గడువు పెంచినా మిగతాది తేలేకపోయాడు. ఆ 3 కోట్ల 6 లక్షల 75 వేలూ బ్యాంకు జప్తు చేసుకోవడం సబబేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ‘నా దగ్గర లేదు, కనికరించండి’ అంటే ఈ చట్టం వినదు.

వేలం రోజున వాడి పక్కనే కూచున్నాను. పాట 50 దాటాక వాడి కాలు ఊగడం మొదలైంది. చివరి నిమిషంలో ఎవరైనా పెంచితే గడువు ఇంకొన్ని నిమిషాలు జరుగుతుంది, ఆ కొన్ని నిమిషాల్లోనే మనిషి మారిపోతాడు. 52 దగ్గర వాడు చెయ్యి తీశాడు. ఎవరో 57కు కొన్నారు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడ మీది కాగితం చింపి, “ఆవిడ వాళ్లకు ఐదు లక్షలు ఎక్కువే వచ్చినట్టు కదా మావయ్యా” అన్నాడు.

రేపు మీరూ పేపర్లో ఒక వేలం ప్రకటన చూసి మనసు పడతారేమో. ధరావతు కట్టకముందు ఒక్కసారి ఆ స్థలం దాకా నడవండి. ఇల్లయితే తలుపు తట్టి, లోపల ఎవరున్నారో చూసి రండి.